సీ అర్చిన్ అండాల ఫలదీకరణంలో ఎంజైముల పని: ట్రిప్సిన్ చిక్కుముడి

మహబూబ్‌నగర్‌లో ఎం.ఎస్సీ. జంతుశాస్త్రం చదువుతున్న ఒక విద్యార్థిని సీ అర్చిన్ (ఒళ్లంతా ముళ్లుండే గుండ్రని సముద్రజీవి) గురించిన సెమినార్ కోసం అడిగిన ప్రశ్న ఇది. "శుక్రకణం తలలో ఉన్న ఎంజైము అండం పొరను కరిగించి దారి చేసుకుంటుందని ఒక గైడులో ఉంది సార్. ఫలదీకరణం మొదలైన వెంటనే అండమే ట్రిప్సిన్ వంటి ఎంజైమును వదిలి మిగిలిన శుక్రకణాలను ఆపుతుందని ఇంకో పుస్తకంలో ఉంది. అండాలను ముందుగా ట్రిప్సిన్‌లో నానబెడితే ఫలదీకరణ త్వచం లేవదని, ఒకటికి మించి శుక్రకణాలు దూరతాయని మూడో చోట చదివాను. ప్రోటీన్లను కోసే ఎంజైము శుక్రకణానికి తోడ్పడుతుందా, అడ్డుపడుతుందా? నేను ఏది రాయాలి?"

మూడు మాటల్లోనూ నిజం ఉన్నది; అయితే అవి ఒకే క్షణానికి, ఒకే చోటికి చెందినవి కావు. ఎంజైము ఎవరిది, అది ఏ పొర మీద పనిచేసింది, శుక్రకణం తాకక ముందా, తాకిన తరువాతా అనే మూడు విషయాలు విడదీసి చూస్తే చిక్కు వీడిపోతుంది. మన పాఠ్యపుస్తకాలు మొదటి మాటకు ఇచ్చినంత చోటు రెండో మాటకు ఇవ్వవు. నా అభిప్రాయంలో సీ అర్చిన్ విషయంలో అసలు కథ అంతా రెండో దానిలోనే ఉన్నది. ఈ జీవిలో ఎంజైముల ముఖ్యమైన పని శుక్రకణాన్ని లోపలికి తేవడం కాదు, ఒకటి వచ్చాక రెండోదాన్ని రానివ్వకపోవడం.

నేను నల్లగొండలో డిగ్రీ విద్యార్థులకు ముప్పై ఏళ్లకు పైగా జంతుశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. అంతకు ముందు పరిశోధన రోజుల్లో విశాఖపట్నం తీరపు బండరాళ్ల సందుల్లో దొరికే నల్లటి సీ అర్చిన్, అంటే స్టొమాప్న్యూస్టిస్ వేరియోలారిస్, అండాలతో కొంతకాలం పనిచేశాను. సముద్రం ముఖం చూడని మన జిల్లాల్లో ఈ జీవిని స్పెసిమన్ సీసాలో తప్ప చూసినవారు తక్కువ కనుక, అండం నిర్మాణం నుంచి మొదలుపెడతాను.

కాలిఫోర్నియా తీరంలోని ఊదారంగు సీ అర్చిన్ అండం వ్యాసం సుమారు 80 మైక్రోమీటర్లు. అటువంటివి పన్నెండు వరుసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు అవుతుంది. అండం చుట్టూ అన్నిటికన్నా బయట, లేత తాటిముంజను తలపించే పారదర్శకమైన జెల్లీ పొర ఉంటుంది. దాని కింద పలుచని విటెల్లైన్ పొర, దానికి ఆనుకొని ప్లాస్మా త్వచం ఉంటాయి. విటెల్లైన్ పొర ప్లాస్మా త్వచం మీద వదులుగా పడి ఉండదు. సన్నని ప్రోటీన్ కొక్కేలతో వేల చోట్ల దానికి బిగించి ఉంటుంది. ప్లాస్మా త్వచానికి లోపలి వైపు, అంచుకు దగ్గరగా, సుమారు ఒక మైక్రోమీటరు వ్యాసమున్న కార్టికల్ కణికలు దాదాపు 15,000 వరుసదీరి ఉంటాయి. మనం మాట్లాడుకోబోయే ఎంజైములలో చాలావరకు ఈ కణికలలో నింపి సిద్ధంగా ఉన్నవే. చాలా జంతువుల అండాలు క్షయకరణ విభజన మధ్యలో ఉండగానే ఫలదీకరణ చెందుతాయి. సీ అర్చిన్ అండం మాత్రం ఆ విభజన రెండు దశలూ ముగించుకొని నీటిలోకి వస్తుంది. ఇక్కడ కనిపించే మార్పులన్నీ ఫలదీకరణానివే, వేరే ప్రక్రియతో కలగలిసిపోయినవి కావు. 1870ల దశకంలో ఆస్కార్ హెర్ట్‌విగ్ శుక్రకణ కేంద్రకం, అండ కేంద్రకం కలవడాన్ని మొదట చూసింది కూడా ఈ అండాలలోనే.

ఇక గైడులోని మొదటి మాట. శుక్రకణం జెల్లీని తాకగానే, జెల్లీలోని ఫ్యూకోజ్ సల్ఫేట్ పాలిసాకరైడ్ వలన దాని తల కొనలోని ఏక్రోసోమ్ అనే తిత్తి విచ్చుకుంటుంది. సీ అర్చిన్లలో ఈ ఏక్రోసోమ్ చర్యను జీన్ క్లార్క్ డాన్ 1952లో జపాన్‌లో వివరించారు. విచ్చుకున్న ఏక్రోసోమ్ నుంచి ప్రోటీన్‌ను జీర్ణించే ఎంజైములు బయటికి వస్తాయన్నది నిజమే. అయితే అదే తిత్తి నుంచి ఎంజైము కాని మరో ప్రోటీన్ కూడా వస్తుంది. దానికి బైండిన్ అని పేరు. 1977లో విక్టర్ వాకియే, గ్యారీ మోయ్ దాన్ని వేరుచేశారు. శుక్రకణాన్ని విటెల్లైన్ పొర మీది గ్రాహకానికి అతికించేది, ఏ జాతి శుక్రకణం ఏ జాతి అండానికి పట్టుకోవాలో చాలావరకు తేల్చేది ఈ బైండినే. పైగా పీహెచ్ 5 దాకా ఆమ్లీకరించిన సముద్రపు నీటిలో కొద్ది నిమిషాలు ఉంచి అండాల జెల్లీని పూర్తిగా తీసేసినా అవి ఫలదీకరణ చెందుతాయి. కాబట్టి "కరిగించి దూసుకుపోవడం" అనే చిత్రాన్ని క్షీరదాల పాఠం నుంచి తెచ్చి సీ అర్చిన్‌కు అలాగే అంటించవద్దు. అబలోనీ అనే సముద్రపు నత్తలో శుక్రకణం లైసిన్ అనే ప్రోటీన్‌తో అండం పొరకు రంధ్రం చేస్తుంది; చిత్రమేమంటే ఆ లైసిన్ ఎంజైమే కాదు, పొరలోని అణువులను కోయకుండానే వాటి పట్టు విడిపిస్తుంది. పొరకు రంధ్రం పడితే ఎంజైము కోసిందనే అనుకోవడానికి లేదు.

శుక్రకణం ప్లాస్మా త్వచంతో కలిసిన ఒకటి నుంచి మూడు సెకండ్ల లోపల అండం త్వచపు విద్యుత్ విభవం మైనస్ 70 మిల్లీవోల్టుల దగ్గర నుంచి ప్లస్ 20 దాకా మారుతుంది. దీనిని 1976లో లారిండా జాఫ్ చూపారు. ఇది సోడియం అయాన్ల పని, ఇందులో ఎంజైముల ప్రమేయం చెప్పుకోదగ్గది కాదు. విభవం అలా మారి ఉన్నంతసేపు కొత్త శుక్రకణాలు త్వచంతో కలవలేవు. కానీ ఈ అడ్డు ఒక నిమిషం మాత్రమే నిలుస్తుంది. ఆ నిమిషంలోపల శాశ్వతమైన అడ్డు సిద్ధం కావాలి.

ఆ అడ్డును సిద్ధం చేయమని కబురు మోసేవి అండం లోపలి ఎంజైములు. ఎస్‌ఆర్‌సీ (Src) కుటుంబపు కైనేజ్, అంటే ఫాస్ఫేట్‌ను తగిలించే ఎంజైము, ఒకటి ఫాస్ఫోలైపేజ్-సి గామాను ప్రేరేపిస్తుంది, అది త్వచపు లిపిడ్‌ను కోసి ఐపీ3 అనే చిన్న అణువును విడుదల చేస్తుంది, ఐపీ3 అంతర్జీవద్రవ్య జాలకం నుంచి కాల్షియంను బయటికి వదిలిస్తుంది. శుక్రకణం తాకిన చోట మొదలైన కాల్షియం అల అండం అవతలి అంచు దాకా పాకుతుంది. అల వెళ్లిన దారి వెంట కార్టికల్ కణికలు ప్లాస్మా త్వచంతో కలిసిపోయి తమ సరుకును విటెల్లైన్ పొర కింది ఇరుకు సందులోకి కుమ్మరిస్తాయి. 1974లో స్టైన్‌హార్ట్, ఎపెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కాల్షియం అయానోఫోర్ అనే రసాయనంతో, శుక్రకణమే లేకుండా, అండంలో ఇదంతా జరిపించి చూపారు. సెమినార్‌లో ఈ ఒక్క ప్రయోగం చెప్పినా కాల్షియం పాత్ర అందరికీ అర్థమవుతుంది.

కార్టికల్ కణికల నుంచి వచ్చే మొదటి ముఖ్యమైన ఎంజైము సెరీన్ ప్రోటియేజ్. ప్రోటియేజ్ అంటే ప్రోటీన్లను కోసే ఎంజైము. ట్రిప్సిన్ కూడా ఆ కుటుంబానిదే కనుక పుస్తకాలు దీనిని "ట్రిప్సిన్ వంటి ఎంజైము" అంటాయి. ఫలదీకరణ సమయంలో అండం ప్రోటియేజ్‌ను విడుదల చేస్తుందని వాకియే, ఎపెల్, డగ్లస్ 1972లో ప్రకటించారు. ఇది రెండు రకాల ప్రోటీన్లను కోస్తుంది. మొదటివి విటెల్లైన్ పొరను ప్లాస్మా త్వచానికి బిగించి ఉంచిన కొక్కేలు. రెండోవి బైండిన్‌ను పట్టుకునే గ్రాహకాలు. కొక్కేలు తెగితే పొర లేవడానికి సిద్ధమవుతుంది. గ్రాహకాలు తెగితే అప్పటికే పొర మీద అతుక్కొని లోపలికి పోలేకపోయిన శుక్రకణాలు ఊడి నీటిలో పడతాయి. ఒక అండానికి వెయ్యికి మించిన శుక్రకణాలు అతుక్కోగలవు కనుక ఈ ఊడగొట్టడం చిన్న పనేమీ కాదు. అదే కణికల నుంచి వెలువడిన మ్యూకోపాలిసాకరైడ్లు చుట్టూ ఉన్న నీటిని ఆ సందులోకి లాగుతాయి, ఆ నీటి ఒత్తిడికి పొర ఉబ్బి లేస్తుంది. అప్పటి నుంచి దాని పేరు ఫలదీకరణ త్వచం.

ఒక ఎంజైము ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే దానిని ఆపి చూడటం కన్నా మంచి దారి లేదు. ఫ్లోరైడ్ పేరు వినని వారు మన జిల్లాలో ఉండరు. రక్తంలో చక్కెర పరీక్షకు నమూనా తీసే గొట్టంలో ఆ ఫ్లోరైడే చక్కెరను విడగొట్టే గ్లైకాలిసిస్ ప్రక్రియలోని ఈనోలేజ్ అనే ఎంజైమును ఆపి చక్కెర తగ్గిపోకుండా కాపాడుతుంది. సీ అర్చిన్ ప్రోటియేజ్‌ను ఆపడానికి వాడేది సోయాచిక్కుడు గింజల నుంచి తీసిన ట్రిప్సిన్ నిరోధకం. పచ్చి సోయా పశువులకు సరిగా అరగకపోవడానికి ఒక కారణం కూడా ఇదే. ఈ నిరోధకాన్ని సముద్రపు నీటిలో కలిపి, అందులో అండాలకు శుక్రకణాలు చేరిస్తే, ఫలదీకరణం జరుగుతుంది. కానీ అతుక్కున్న శుక్రకణాలు ఊడవు, ఫలదీకరణ త్వచం ఆలస్యంగా, అక్కడక్కడ బొబ్బల మాదిరిగా మాత్రమే లేస్తుంది, ఒకటికి మించి శుక్రకణాలు లోపలికి పోయిన అండాలు ఎక్కువవుతాయి. నిరోధకం ఉన్నా శుక్రకణం లోపలికి వెళ్లగలిగింది, దాని వెనుక వచ్చినవి మాత్రం ఆగలేదు. అండం ప్రోటియేజ్ పని ప్రవేశం తరువాతిదని దీనికన్నా స్పష్టంగా చెప్పే ఫలితం నాకు తెలియదు. దీనికి జోడీ ప్రయోగం కూడా చేశారు: ఫలదీకరణ చెందుతున్న అండాల నుంచి వెలువడిన ఈ ప్రోటియేజ్‌ను సేకరించి, ఇంకా ఫలదీకరణ చెందని అండాలకు పెడితే, శుక్రకణాలను స్వీకరించే శక్తి వాటికి తగ్గిపోయింది.

మరి మూడో మాట సంగతి? అండం సొంత ప్రోటియేజ్ ఉంటే పొర లేస్తుంది, శుక్రకణాలు ఆగుతాయి. బయటి నుంచి ట్రిప్సిన్ పెడితే పొర లేవదు, శుక్రకణాలు ఆగవు. మీ సందేహం నిజంగా ఇక్కడే ఉన్నది. దీనికి వడ్ల కల్లం పోలిక ఒకటి తరగతిలో చెప్పేవాణ్ణి. కొనుగోలు కేంద్రంలో వడ్ల కుప్ప మీద టార్పాలిన్ కప్పి చుట్టూ తాళ్లతో గూటాలకు కడతారు. కింద నుంచి గాలి తోస్తున్నప్పుడు ఎవరైనా ఆ తాళ్లను మాత్రమే తెంపితే టార్పాలిన్ గొడుగులా లేస్తుంది. అదే టార్పాలిన్‌ను వారం ముందే ఎలుకలు కొరికి చిల్లులు పెడితే, తాళ్లు తెగినా తెగకపోయినా అది లేవదు, గాలి చిల్లుల గుండా పోతుంది. అండం ప్రోటియేజ్ తాళ్లు తెంపేది. అది విడుదలయ్యే క్షణానికే లోపలికి నీరు వస్తూ ఉంటుంది, లేచిన పొరను గట్టిపరిచే ప్రోటీన్లు, ఎంజైములు కూడా అదే కణికల నుంచి వచ్చి పక్కనే సిద్ధంగా ఉంటాయి. ప్రయోగశాలలో ముందుగా పెట్టిన ట్రిప్సిన్ ఎలుక పని చేస్తుంది. పొరకు అసలు పొరగా నిలిచే సత్తువ లేకుండా చేస్తుంది. తరువాత కార్టికల్ కణికలు పేలినా వాటి సరుకు నిలవడానికి గూడు లేక నీటిలోకి చెదిరిపోతుంది. అందువల్ల శాశ్వతమైన అడ్డు ఏర్పడదు, శుక్రకణాలు దట్టంగా ఉంటే ఒకటికి మించి దూరతాయి.

ఇందులో ఇంకో మెలిక ఉన్నది, గైడులు దీనిని చెప్పవు. ట్రిప్సిన్ ఎంత గాఢతలో, ఎంతసేపు పెట్టామన్న దానిని బట్టి ఫలితం మారుతుంది. మటన్‌కు పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి గంటసేపు ఉంచితే ముక్క మెత్తబడుతుంది. మరిచిపోయి తెల్లవార్లూ ఉంచితే పీచుపీచుగా విడిపోయి కూరకు పనికిరాదు. బొప్పాయిలోని పపైన్ కూడా ప్రోటియేజే. అదే విధంగా, కొద్దిసేపు ట్రిప్సిన్ తగిలిన అండం త్వచం లేపలేకపోయినా ఫలదీకరణ చెందుతుంది. చాలాసేపు తగిలితే బైండిన్ గ్రాహకాలే పోయి శుక్రకణాలు అతుక్కోక ఫలదీకరణ శాతం పడిపోతుంది. ఒకరు "ట్రిప్సిన్ ఫలదీకరణాన్ని తగ్గిస్తుంది" అని, మరొకరు "ట్రిప్సిన్ బహుశుక్రతకు దారితీస్తుంది" అని రాస్తే, ఇద్దరూ ఎన్ని నిమిషాలు ఉంచారో చూడకుండా ఒకరిని తప్పు పట్టకండి.

రెండో శుక్రకణం వస్తే వచ్చే నష్టం ఏమిటని మీ సెమినార్‌లో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. సీ అర్చిన్ శుక్రకణం తన కేంద్రకంతో పాటు, కణ విభజనకు ధ్రువాలను ఏర్పరిచే సెంట్రోసోమ్‌ను కూడా తెస్తుంది. రెండు శుక్రకణాలు వస్తే రెండు సెంట్రోసోమ్‌లు, అవి రెట్టించి నాలుగు ధ్రువాలు అవుతాయి. థియొడోర్ బొవేరి 20వ శతాబ్దం మొదట్లో ఇటువంటి అండాలను పరిశీలించారు: అండం నుంచి 18, రెండు శుక్రకణాల నుంచి 36, మొత్తం 54 క్రోమోజోములు నాలుగు వైపులకు అడ్డదిడ్డంగా పంచబడి, ఏ కణానికీ సరైన జత దక్కక, పిండాలలో అధిక భాగం వికృతంగా పెరిగి చనిపోయాయి. ఒక్కొక్క క్రోమోజోముకు తనదైన వారసత్వపు సరుకు ఉన్నదని ఆయన నిర్ణయించింది దీని ఆధారంగానే.

పొర లేవడంతో పని పూర్తి కాదు. అప్పుడే లేచిన త్వచం మెత్తగా ఉంటుంది. దానిని గట్టిపరచడంలో రెండు ఎంజైములు పాల్గొంటాయి. ట్రాన్స్‌గ్లూటమినేజ్ ప్రోటీన్ల మధ్య మొదటి కుట్లు వేస్తుంది. ఆ తరువాత కార్టికల్ కణికల నుంచి వచ్చిన ఓవోపెరాక్సిడేజ్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను వాడుకొని పక్కపక్క ప్రోటీన్లలోని టైరోసిన్‌లను రెండేసి జతలుగా అతికిస్తుంది. ఫోర్డర్, షపీరో 1977లో ఈ డైటైరోసిన్ బంధాలను చూపారు. ఈ బంధాలు పడ్డ త్వచం సాధారణ ప్రోటియేజ్‌లకు లొంగదు. శుక్రకణాల సంగతి సరేసరి.

ఆ హైడ్రోజన్ పెరాక్సైడ్ ఎక్కడి నుంచి వచ్చింది? ఇక్కడ ఒక పాత కథ చెప్పక తప్పదు, నాకు ఈ విషయం మీద ఇష్టం కలిగింది దీనివల్లే. 1908లో ఓటో వార్‌బర్గ్ నేపుల్స్‌లో సీ అర్చిన్ అండాల శ్వాసక్రియను కొలిచి, ఫలదీకరణ తరువాత అవి తీసుకునే ఆక్సిజన్ ఆరు రెట్ల దాకా పెరుగుతుందని కనుగొన్నారు. పిండం పెరుగుదలకు శక్తి కావాలి కనుక శ్వాసక్రియ పెరిగిందని దశాబ్దాలపాటు అందరూ అనుకున్నారు. 1978లో ఫోర్డర్, క్లెబనాఫ్, షపీరో ఆ తొలి నిమిషాల ఆక్సిజన్‌లో అధిక భాగం శక్తికి కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారీకి పోతున్నదని తేల్చారు. మన తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను చంపేటప్పుడు చేసే పని కూడా ఇదే. 2004లో వాంగ్, క్రెటన్, వెస్సెల్ ఆ పెరాక్సైడ్‌ను తయారుచేసే ఎంజైమును గుర్తించి యూడీఎక్స్-1 అన్నారు. అది అండం ఉపరితలంలో ఉండే డ్యూయల్ ఆక్సిడేజ్. ఈ ఎంజైముకు ఎలక్ట్రాన్లను అందించే ఎన్‌ఏడీపీహెచ్ అనే అణువు కావాలి, అది ఎన్‌ఏడీపీ నుంచి తయారవుతుంది. ఫలదీకరణ జరిగిన తొలి నిమిషాలలోనే ఎన్‌ఏడీ కైనేజ్ అనే ఎంజైము చురుకై ఎన్‌ఏడీని ఎన్‌ఏడీపీగా మారుస్తుందని డేవిడ్ ఎపెల్ 1964లోనే చూపి ఉన్నారు. పెరాక్సైడ్ వల్ల అండానికే హాని కలగకుండా లోపల ఓవోథయోల్ అనే అణువు కాపలా కాస్తుంది.

ఓవోపెరాక్సిడేజ్‌ను అమైనోట్రయజోల్ అనే రసాయనంతో ఆపవచ్చు. అప్పుడు త్వచం మామూలుగానే లేస్తుంది, కానీ గట్టిపడదు. సన్నని నైలాన్ జాలీ గుండా అండాలను పోస్తే త్వచం ఊడిపోయి అండం బయటపడుతుంది. పిండాలను త్వచం లేకుండా పెంచాలనుకునే ప్రయోగశాలలు ఈ ఉపాయాన్ని వాడుతుంటాయి. సోయా నిరోధకంతో పొర లేవడమే దెబ్బతిన్నది, అమైనోట్రయజోల్‌తో లేచింది కానీ గట్టిపడలేదు. ఈ రెండు ఫలితాలను పక్కపక్కన బల్ల మీద పెట్టి చూపిస్తే ఏ ఎంజైముది ఏ పనో విడిగా చెప్పనవసరం ఉండదు.

ఇదంతా కళ్లతో చూడటం ఎలా ఉంటుందో కూడా చెబుతాను. నోటి చుట్టూ ఉన్న మెత్తని పొర గుండా 0.5 మోలార్ పొటాషియం క్లోరైడ్ ఎక్కిస్తే కొద్ది నిమిషాలలో జీవి బీజకణాలను వదులుతుంది. ఆడదైతే రంగు గల అండాలు, మగదైతే పాలలాంటి తెల్లని ద్రవం. ఆడదాన్ని సముద్రపు నీరు నిండిన బీకరు మీద బోర్లిస్తే అండాలు సన్నని ధారగా అడుక్కు దిగుతాయి. వీర్యాన్ని మాత్రం నీరు కలపకుండా మంచు మీద ఉంచి, వాడే ముందే పలుచన చేయాలి. స్లయిడు మీద అండాల చుక్క వేసి, పలుచని వీర్యం చేర్చి, సూక్ష్మదర్శినిలో తక్కువ మాగ్నిఫికేషన్‌తో చూస్తూ ఉంటే మొదటి ఇరవై, ముప్పై సెకండ్లు శుక్రకణాలు అంచుకు తల ఆనించి అండాన్నే కుదుపుతూ కనిపిస్తాయి తప్ప మరేమీ జరగదు. ఆ తరువాత ఒక చోట అంచు రెండు గీతలుగా చీలుతుంది. ఆ చీలిక రెండు వైపులా పాకి, నిమిషం తిరిగేసరికి అండం చుట్టూ గాజు వంటి వలయం పూర్తవుతుంది. అతుక్కున్న శుక్రకణాలు మొదట చీలిన చోటి నుంచే రాలడం మొదలుపెడతాయి. నేను మొదటిసారి చూసినప్పుడు గడియారం నొక్కడం మరిచిపోయాను.

అంతకు ముందు వారం రోజులు నాకు ఏ అండమూ పొర లేపలేదు. ఎంజైము గురించి ఎన్నో సిద్ధాంతాలు అల్లుకున్నాను. చివరకు తేలిందేమంటే, సముద్రపు నీరు పట్టిన సీసా అంతకు ముందు ఫార్మలిన్ పోసి ఉంచినది. ఎంత కడిగినా దాని జాడ పోలేదు. ప్రయోగం విఫలమైతే ముందు గాజు సామాను అనుమానించాలి, ఎంజైమును ఆ తరువాత. ఇంకోసారి మా విద్యార్థులకు చూపుదామని ఆరు అర్చిన్లను తడి బట్టలలో చుట్టి, చల్లని పెట్టెలో పెట్టుకొని విశాఖ నుంచి రాత్రి రైలులో తెచ్చాను. నల్లగొండ చేరేసరికి వాటిలో నాలుగు, ముళ్లు రాల్చి, చనిపోయి ఉన్నాయి. బతికిన రెండూ మగవే. ఆ రోజు పిల్లలకు శుక్రకణాలు ఈదడం ఒక్కటే చూపగలిగాను.

గట్టిపడిన త్వచం లోపల పిండం విభజన చెందుతుంది. మొదటి విభజన సుమారు గంటన్నరకు వస్తుంది. బోలు బంతి వంటి బ్లాస్టులా దశకు వచ్చాక అది ఆ త్వచం నుంచి బయటపడాలి. సాధారణ ప్రోటియేజ్‌లకు లొంగకుండా కుట్టిన గూడును విప్పడానికి పిండం తన సొంత జన్యువు నుంచి కొత్త ఎంజైమును తయారుచేసుకుంటుంది. దీనిని పొదుగు ఎంజైము అంటారు. ఇది సెరీన్ ప్రోటియేజ్ కాదు, జింక్ ఆధారపడిన మెటలోప్రోటియేజ్. లెపాజ్, గాష్ 1990లో దాని జన్యువును వేరుచేశారు. మన శరీరంలో కొల్లాజెన్‌ను కోసే ఎంజైములకు ఇది దూరపు చుట్టం. సీ అర్చిన్ జీవితంలో ఒక ప్రోటియేజ్ అండం పొరను నిజంగా కరిగించే సందర్భం ఇది. అయితే కరిగించేది శుక్రకణం కాదు, బయటికి రాబోయే పిండం, అదీ లోపలి నుంచి.

క్షీరదాల సంగతి అడిగితే ఒక్క వాక్యం చాలు: మన అండంలో కూడా కార్టికల్ కణికల నుంచి ఓవాస్టసిన్ అనే ప్రోటియేజ్ వెలువడి, అండం చుట్టూ ఉండే జోనా పొరలోని జెడ్‌పీ2 అనే ప్రోటీన్‌ను కోసి, తరువాతి శుక్రకణాలు పట్టుకోకుండా చేస్తుంది.

కాబట్టి సెమినార్‌లో మొదటి మాటను "ఏక్రోసోమ్ నుంచి ప్రోటియేజ్‌లు, బైండిన్ వెలువడతాయి, అతికే పని బైండిన్‌ది" అని సరిదిద్ది రాయండి. రెండో మాటను విస్తారంగా రాయండి. మూడోదాన్ని రాసేటప్పుడు ట్రిప్సిన్ శుక్రకణాలకు ముందు పెట్టినదని, అండం సొంత ప్రోటియేజ్ శుక్రకణం తాకిన తరువాత వచ్చినదని ఒకే పేరాలో పక్కపక్కన రాయండి.

మీరు చివర్లో అడిగిన మరో చిన్న ప్రశ్న, సోయా నిరోధకాన్ని శుక్రకణాలకు ముందు కలపాలా, తరువాతా అన్నది. ముందే కలపాలి. త్వచం పూర్తిగా లేచాక కలిపితే ఏ తేడా కనిపించదు, ఎందుకంటే అప్పటికే ప్రోటియేజ్ కోయవలసినవి కోసి ఉంటుంది. వీలైతే అండాలను నాలుగు గిన్నెలుగా పంచి, ఒకదానిలో శుక్రకణాలకు ముందు, మిగిలిన వాటిలో 15, 30, 60 సెకండ్ల తరువాత నిరోధకం కలిపి చూడండి. నిరోధకం లేని ఐదో గిన్నె ఒకటి పక్కన తప్పకుండా ఉంచండి, వీర్యం మాత్రం అన్నిటికీ ఒకే పలుచన నుంచి కొలిచి పోయండి.